ముల్కీ నిబంధనలు, జాతీయత ప్రశ్న: కొన్ని రచనల పరిశీలన

హైదరాబాదు రాజ్యపు ముల్కీ నిబంధనలను గురించి తెలుగులో వచ్చిన రచనలు తక్కువేమీ కావు. అయితే వాటిలో అధికభాగం 1952, 1969, 1972 సంవత్సరాల ఆందోళనల వేడిలో పుట్టినవి. కనుక ముల్కీ అంటే ఉద్యోగానికి హక్కుదారుడు, గైర్ ముల్కీ అంటే ఆ ఉద్యోగానికి అడ్డు వచ్చినవాడు అనే అర్థమే పాఠకుల మనస్సులో స్థిరపడిపోయింది. ఇంగ్లీషులో వెలువడిన మూడు రచనలు ఈ అర్థాన్ని విస్తరించాయి. మొదటిది కారెన్ లెనార్డ్ ముల్కీ, గైర్ ముల్కీ సంఘర్షణపై రాసిన వ్యాసం (1978). రెండవది ఎరిక్ బెవర్లీ హైదరాబాదు రాజ్యాన్ని ప్రపంచ ముస్లిం సంబంధాల నడుమ నిలిపి చూసిన గ్రంథం (2015). మూడవది 1948 తర్వాతి హైదరాబాదు ముస్లిముల పౌరసత్వ సమస్యలపై టేలర్ షెర్మన్ రాసిన గ్రంథం (2015), దానికి ముందు 2011లో ఆమె ప్రకటించిన వ్యాసం. వీటిని నిబంధనల మూలపాఠం పక్కన పెట్టి చదివినప్పుడు ఒక సంగతి తేటపడుతుంది. అవి పేరుకు ఉద్యోగ నిబంధనలు. స్వభావానికి జాతీయతా చట్టం. బయటి ప్రపంచం గుర్తించే జాతీయత లేని ఒక రాజ్యం, తన ప్రజలెవరో చెప్పుకోవలసిన అవసరం కలిగి, ఆ పనిని సివిల్ సర్వీసు నియమావళి అనుబంధంలో చేసుకొంది.

ముందుగా మాట సంగతి. ముల్క్ అరబ్బీ పదం. దాని ధాతువునుండే మలిక్ అంటే రాజు, మిల్క్ అంటే ఆస్తి అనే మాటలు పుట్టాయి. ముల్క్ అంటే ఏలుబడి, ఆ ఏలుబడి సాగే రాజ్యం. దివ్య ఖుర్ఆన్ 67వ సూరాకు పేరు ఇదే. కనుక ముల్కీ అంటే రాజ్యానికి చెందినవాడు. తెలుగు రచయితలు దీనిని "స్థానికుడు" అని అనువదించడం పరిపాటి. ఈ అనువాదం సగం మాత్రమే సరి. స్థానికుడికి ఎదురుమాట పరాయి ఊరివాడు. ముల్కీకి ఎదురుమాట పరాయి రాజ్యం వాడు. వరంగల్‌కు గుల్బర్గా దూరం, బెజవాడ దగ్గర. గుల్బర్గాలో కన్నడం మాట్లాడతారు, బెజవాడలో తెలుగు మాట్లాడతారు. అయినా నిజాం కాలపు వరంగల్ కచేరీలో గుల్బర్గా మనిషి ముల్కీ, బెజవాడ మనిషి గైర్ ముల్కీ. ఇక్కడ ప్రమాణం దూరమూ కాదు, భాషా కాదు, రాజ్యం. ఈ భేదాన్ని పట్టించుకోని చర్చ మొదటి మెట్టులోనే దారి తప్పుతుంది.

ఇక ఆ రాజ్యం నిలిచిన చోటును చూడాలి. 1889 నాటి బ్రిటిష్ నిర్వచన చట్టం "ఇండియా" అనే మాటలో బ్రిటిష్ ఇండియాతోపాటు సంస్థానాలను కూడా చేర్చింది. కాని 1914 నాటి బ్రిటిష్ జాతీయతా చట్టం చక్రవర్తి భూభాగాలలో, ఆయన విధేయతలో పుట్టినవారినే బ్రిటిష్ ప్రజలుగా గుర్తించింది. సంస్థానాలు ఆయన సార్వభౌమత్వపు నీడలో ఉన్నవే గాని ఆయన భూభాగాలు కావు. కనుక మద్రాసులో పుట్టినవాడు బ్రిటిష్ ప్రజ. వరంగల్‌లో పుట్టినవాడు కాడు. సముద్రం దాటినప్పుడు అతనికి దక్కిన హోదా "బ్రిటిష్ రక్షణలోని వ్యక్తి" అనేది మాత్రమే. హజ్‌కు బయలుదేరిన వరంగల్ యాత్రికుడు తన రాజ్యం పేరుతో జిద్దాలో దిగినా, అతని తరఫున మాట్లాడే అధికారం బ్రిటిష్ కాన్సలుదే.

పరాయివారిని ప్రజలుగా చేర్చుకొనే చట్టాలు కూడా ఇట్లాగే అంతస్తులుగా ఉండేవి. 1914 చట్టం ప్రకారం సామ్రాజ్య స్థాయి ప్రజాత్వం పొందడానికి ఐదేళ్ల నివాసం, సత్ప్రవర్తన, ఇంగ్లీషు భాషాజ్ఞానం కావాలి. బ్రిటిష్ ఇండియాకు 1852 లోనే వేరొక చట్టం ఉంది. దాని స్థానంలో 1926 చట్టం వచ్చింది. ఇది ఐదేళ్ల నివాసంతోపాటు ఒక దేశభాష తెలిసి ఉండాలన్నది. దాని ఫలితం బ్రిటిష్ ఇండియా హద్దులలోనే చెల్లేది. ఉస్మానీ సామ్రాజ్యపు 1869 నాటి జాతీయతా చట్టం కూడా ఐదేళ్లనే నియమించింది. ఈ వరుసలో హైదరాబాదు 1919 ఫర్మానాను నిలిపి చూడడం సముచితం. అది కోరింది పదిహేనేళ్లు.

ఈ అంతస్తుల వ్యవస్థ కేవలం కాగితాల మీది విషయం కాదు. 1889 నాటికి సికింద్రాబాదునుండి కాజీపేట, వరంగల్ మీదుగా బెజవాడకు రైలుమార్గం పూర్తయింది. నేల నిజాముది, కాని రైల్వే స్థలాల మీద న్యాయాధికారం బ్రిటిష్ ప్రభుత్వానికి అప్పగించబడింది. స్టేషను ఆవరణలో అడుగుపెట్టిన మనిషి రాజ్యం మారకుండానే అధికారం మారిన చోటికి వచ్చేవాడు. ఈ చిక్కు ముహమ్మద్ యూసుఫుద్దీన్ కేసులో ప్రీవీ కౌన్సిలు ముందుకు వెళ్లింది. రైల్వేతో సంబంధం లేని నేరారోపణపై, సిమ్లా మేజిస్ట్రేటు వారెంటుతో, నిజాం రాజ్యంలోని రైల్వే స్థలంలో జరిగిన అరెస్టు అది. రైల్వే స్థలం నిజాం రాజ్యంలో భాగమేననీ, అక్కడ బ్రిటిషు వారికి ఉన్నది అప్పగించినంత మేరకు అధికారం మాత్రమేననీ 1897లో ప్రీవీ కౌన్సిలు నిర్ణయించి, ఆ అరెస్టు చెల్లదన్నది. అల్పమైన సార్వభౌమత్వం కూడా సార్వభౌమత్వమే అని బెవర్లీ చేసే వాదానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. అయితే ఆయన దృష్టి సరిహద్దుల మీద, రాజనీతి మీద, దూరదేశాలతో సంబంధాల మీద ఎక్కువగా నిలుస్తుంది. రాజ్యం లోపల సామాన్యుడు తన రాజ్యీయతను ఏ కచేరీలో, ఏ కాగితంతో రుజువు చేసుకొన్నాడన్న ప్రశ్న అక్కడ వెనుకబడుతుంది.

ఆ ప్రశ్నకు సమాధానం నిబంధనలలోనే ఉంది. ముల్కీ కావడానికి అవి నాలుగు దారులు చూపుతాయి. ఒకటి జన్మ: పుట్టినప్పుడు తండ్రి ముల్కీ అయి ఉండాలి. రెండు నివాసం: రాజ్యంలో కనీసం పదిహేనేళ్లు స్థిరంగా ఉండి, పూర్వస్థలానికి తిరిగి వెళ్లే ఆలోచన వదులుకొని, ఆ మేరకు మేజిస్ట్రేటు ధ్రువీకరించిన ప్రమాణపత్రం పొంది ఉండాలి. మూడు తండ్రి కొలువు: బిడ్డ పుట్టేనాటికి తండ్రి పదిహేనేళ్ల ప్రభుత్వ సేవ పూర్తిచేసి ఉద్యోగంలో ఉండాలి. నాలుగు వివాహం: ముల్కీ పురుషుని భార్య ముల్కీ అవుతుంది. గైర్ ముల్కీని పెళ్లాడిన ముల్కీ స్త్రీ మాత్రం ఆ హోదాను కోల్పోతుంది. జన్మ, నివాసం, వివాహం, హోదా రద్దు: ఒక జాతీయతా చట్టంలో ఉండే అంగాలన్నీ ఇక్కడ ఉన్నాయి. ఉద్యోగార్హత ఈ నిర్వచనపు ఫలితమే గాని నిర్వచనం కాదు. నిజాం ప్రత్యేకానుమతితో గైర్ ముల్కీని నియమించే వీలును కూడా నియమావళి ఉంచింది. అంటే ముల్కీతనం ప్రజ హక్కుగా రాయబడినా, దాని తాళంచెవి ప్రభువు చేతిలోనే ఉండింది.

ఇటువంటి పాఠం 1919లో ఎందుకు అవసరమైందో లెనార్డ్ వ్యాసం బాగా విశదీకరిస్తుంది. మొదటి సాలార్‌జంగ్ పాలనా సంస్కరణల కాలంలో ఉత్తర హిందూస్థానంనుండి విద్యావంతులైన ఉద్యోగులు రావడం, పాత కొలువు కుటుంబాలకు వారితో స్పర్థ ఏర్పడడం, కాలక్రమాన ముల్కీ అనే మాట అర్థమే మారుతూ రావడం ఆమె చూపారు. మౌల్వీ చిరాగ్ అలీ ఇందుకు ఉదాహరణ. ఆయన బయటినుండి వచ్చినవారు. సాలార్‌జంగ్ పాలనను గురించి నాలుగు సంపుటాల గ్రంథం కూర్చినదీ, 1883లో ఉస్మానీ తదితర ముస్లిం రాజ్యాల న్యాయసంస్కరణలపై పుస్తకం ప్రకటించినదీ ఆయనే. 1917లో ఏర్పడిన దారుల్ తర్జుమాలో, మరుసటి ఏడు స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కూడా ఉత్తరాది పండితులు అనేకులు. మౌల్వీ అబ్దుల్ హఖ్ హాపుడ్ ప్రాంతీయులు. రాజ్యానికి ఆధునిక విద్యను ఉర్దూలో అందించిన చేతులలో చాలా భాగం ముల్కీ చేతులు కావు. పై ఫర్మానా కూడా ఆ సంవత్సరాలలోనిదే. లెనార్డ్ దీనిని ప్రధానంగా రాజకీయ సంస్కృతి సమస్యగా, కొలువు వర్గాల మధ్య సంఘర్షణగా చదివారు. అది అవసరమైన పఠనమే. కాని ఆ వెలుగులో నిబంధనల పాఠం పలచబడిపోతుంది. ఎవరు ఎవరితో పోరాడారో తెలుస్తుంది. మనిషి ఒక రాజ్యానికి దేనివల్ల చెందుతాడన్న ప్రశ్నకు ఆ రాజ్యం చెప్పిన సమాధానం చర్చకు రాదు.

ఈ ప్రశ్నను ఇస్లామీ ధర్మశాస్త్రం మరొక సందర్భంలో లోతుగా చర్చించింది. ప్రయాణికుడు నమాజును సంక్షిప్తం చేయవచ్చు కనుక, ప్రయాణికుడెవరు, నివాసి ఎవరు అన్నది తేల్చవలసి వచ్చింది. హనఫీ ఫుఖహాలు వతన్‌ను మూడు విధాలుగా విభజించారు: పుట్టిన లేక సంసారంతో స్థిరపడిన వతనె అస్లీ, పదిహేను రోజులు లేక అంతకు మించి ఉండాలనే సంకల్పంతో ఏర్పడే వతనె ఇఖామత్, అంతకు తక్కువకాలం ఆగే వతనె సుక్నా. మూలవతన్ ప్రయాణంవల్ల పోదు. మరొక మూలవతన్‌ను స్వీకరించినప్పుడే పోతుంది. హిజ్రత్ తర్వాత దైవప్రవక్త (స) తాము పుట్టిన మక్కాలోనే తమను ప్రయాణికునిగా ఎంచి నమాజు సంక్షిప్తం చేయడాన్ని వారు దీనికి ఆధారంగా చూపారు. పూర్వస్థలానికి తిరిగి వెళ్లే ఆలోచన వదులుకోవాలనే ముల్కీ షరతు వెనుక ఉన్న న్యాయం ఇదే కోవకు చెందింది: నివాసమొక్కటే చాలదు, సంకల్పం కావాలి.

పదిహేను అనే అంకె రెండు చోట్లా ఉండడం యాదృచ్ఛికం. దాని మీద వాదం నిర్మించడం తగదు. గమనించవలసింది వేరొకటి ఉంది. హనఫీ గ్రంథాలు సంకల్పాన్ని మాటగా మాత్రమే స్వీకరించలేదు. శత్రుదేశంలో కోటను ముట్టడించిన సైన్యం అక్కడ పదిహేను రోజులు ఉండాలని సంకల్పించినా ఆ సంకల్పం చెల్లదని హిదాయా చెబుతుంది. గెలిస్తే నిలుస్తారు, ఓడితే పారిపోతారు గనుక వారి స్థితే వారి సంకల్పాన్ని ఖండిస్తుంది. అనగా సంకల్పానికి సాక్షి జీవనస్థితి. ముల్కీ నిబంధన ఆ సాక్ష్యానికి తోడుగా కాగితాన్ని నిలిపింది. కాలం గడిచేకొద్దీ ఆ రెండవ సాక్షి మొదటిదానిని పక్కకు నెట్టింది. నిబంధనల చరిత్రలోని దుఃఖం అంతా ఈ ఒక్క మార్పులో ఇమిడి ఉంది.

అయితే ఈ పోలికను ఆధారం చేసుకొని ఫిఖ్‌హ్ అన్నిటా ఉదారమనీ, ఆధునిక చట్టం అన్నిటా సంకుచితమనీ చెప్పేవారితో ఏకీభవించలేము. అభయం పొంది వచ్చిన ముస్తామిన్ ఏడాదికి మించి ఉంటే జిమ్మీ అవుతాడని హిదాయా చెప్పిన మాట నిజమే. ఒక్క ఏడాది నివాసంతో పరాయివాడు రాజ్య ప్రజగా మారే సూత్రం అది. కాని ఆ ప్రజాత్వం ముస్లిం ప్రజతో సమానమైనది కాదు, దానికి జిజియా జోడింపబడి ఉంది. వివాహం సంగతీ అంతే. పరాయి స్త్రీ జిమ్మీని పెళ్లాడితే జిమ్మీ అవుతుంది, పరాయి పురుషుడు జిమ్మీ స్త్రీని పెళ్లాడితే కాడు అన్నది ఆ గ్రంథపు తీర్పు. 1914 బ్రిటిష్ చట్టమూ భార్యను భర్త జాతీయతకే కట్టింది. ముల్కీ నిబంధన ఈ రెంటికీ భిన్నంగా నడవలేదు. స్త్రీకి సొంత వతన్ లేకుండా చేయడంలో మూడూ ఒకే పంక్తిలో నిలుస్తాయి. ఈ లోపాన్ని దాచి చేసే ప్రశంస విమర్శ అనిపించుకోదు.

1948 సెప్టెంబరు సైనిక చర్య తర్వాత కాగితపు సాక్ష్యం ఎంత బరువైనదో తేలింది. హైదరాబాదులో తరాలుగా కొలువు చేసిన హజ్రమౌత్ అరబ్బులు, అఫ్గానులు అకస్మాత్తుగా విదేశీయులయ్యారు. ఈ అరబ్బుల హోదా మొదటినుండీ చిక్కుముడే. ముకల్లా పాలకులైన ఖుఐతీ వంశీయులు హైదరాబాదులో అరబ్బు సైన్యపు జమాదార్లు కూడా. ముకల్లా 1888నుండి బ్రిటిష్ రక్షణలో ఉంది. ఒకే మనిషి ఖుఐతీ ప్రజ, బ్రిటిష్ రక్షితుడు, నిజాం నౌకరు. వీరిని వెనుకకు పంపాలని భారత ప్రభుత్వం సంకల్పించడం, ఆ ప్రయత్నం రాజకీయ, న్యాయపరమైన చిక్కులలో పడి సాగకపోవడం, ఫలితంగా అనేకులు ఏ రాజ్యానికీ చెందనివారుగా మిగలడం షెర్మన్ రచనల సారాంశం. తమను తాము కొత్తగా చెప్పుకొని నిలదొక్కుకొన్నవారిని కూడా ఆమె చూపారు; వలసవచ్చినవారిని కేవలం బాధితులుగా చిత్రించకపోవడం ఆమె రచనకు గల గొప్ప గుణం. ఆమె వాదానికి నిబంధనల పాఠమే అదనపు సాక్ష్యమిస్తుంది. పదిహేనేళ్లు సర్కారు కొలువు చేసిన తండ్రికి పుట్టిన బిడ్డ ముల్కీ అని 1919 పాఠం చెప్పింది. ఆ లెక్కన అరబ్బు ఉద్యోగి కొడుకు ముల్కీ అయ్యే వీలుంది. రాజ్యం పోయాక ఆ అక్షరానికి విలువ లేకపోయింది. తండ్రి పుట్టిన ఊరే లెక్కకు వచ్చింది.

నాలుగేళ్లు తిరగకముందే అదే కాగితం మరొక రూపంలో వరంగల్‌లో కనిపించింది. 1952 జూలైలో ఇక్కడి విద్యార్థులు వీధికెక్కిన ముల్కీ ఆందోళనకు తక్షణ కారణం ఉపాధ్యాయ నియామకాలలో బయటి ప్రాంతాలవారు దొంగ ముల్కీ సర్టిఫికెట్లతో చేరుతున్నారన్న ఆరోపణ. ఆందోళన హైదరాబాదుకు వ్యాపించి, సెప్టెంబరు 3, 4 తేదీల కాల్పులతో రక్తసిక్తమైంది. బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వం జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డిచేత విచారణ జరిపించింది. అరబ్బుల విషయంలో నివాసం ఉండి కాగితం లేకపోయింది. ఇక్కడ నివాసం లేకపోయినా కాగితం ఉందన్నది విద్యార్థుల ఫిర్యాదు. ఈ రెండు సంఘటనలను విడివిడిగా చెప్పే చరిత్రలు, అవి ఒకే నిబంధన తాలూకు రెండు అంచులని గుర్తించలేదు.

విద్యార్థుల పక్షాన మరొక మాట చెప్పవలసి ఉంది. వరంగల్ పల్లెలోని తెలుగు రైతు 1919 నుండీ జన్మతః ముల్కీయే. కాని కచేరీ భాష ఉర్దూ, పై చదువు ఉర్దూ. నిబంధనలో మతం ప్రసక్తి లేదు, నివాసం ద్వారా ముల్కీ అయ్యే క్లాజులో భాష ప్రసక్తి కూడా లేదు. ఇది ఆ పాఠపు ఔన్నత్యమే. అయితే బడి లేని చోట ఆ సమత్వం అక్షరంగానే మిగిలింది. ముల్కీ హక్కును అనుభవించదగిన చదువు తెలుగు పల్లెకు అందుతున్న తొలి రోజులలోనే ఆ ఉద్యోగాలు చేజారుతున్నాయన్న ఆవేదన 1952 వెనుక ఉంది. ఈ నేపథ్యం లేకుండా ఆ ఆందోళనను ప్రాంతీయ ద్వేషంగా కొట్టివేయడం అన్యాయం.

రాజ్యం 1948లో పోయింది, రాష్ట్రం 1956లో పోయింది. నిబంధనలు మాత్రం 1973 వరకు బతికాయి. నివాసార్హతపై 1957లో పార్లమెంటు చేసిన చట్టంలోని తెలంగాణ క్లాజును 1969లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. 1972 అక్టోబరులో అదే కోర్టు, రాజ్యాంగంలోని 35(బి) అధికరణం కింద పాత ముల్కీ నిబంధనలు సజీవంగానే ఉన్నాయని తీర్పు చెప్పింది. ఆ తీర్పు వెంట ఆంధ్ర ప్రాంతంలో ఆందోళన చెలరేగింది. 1973లో నిబంధనలు రద్దయి, 32వ రాజ్యాంగ సవరణతో 371-డి అధికరణం వచ్చింది; 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ముల్కీ స్థానంలో "స్థానిక అభ్యర్థి"ని నిలిపింది. తెలంగాణ ఏర్పడిన తర్వాత 2018లో వచ్చిన కొత్త ఉత్తర్వు కూడా ఆ పరిభాషనే కొనసాగించింది. ఇప్పుడు ప్రమాణం రాజ్యం కాదు, జిల్లా, జోను. తెలుగు అనువాదకులు ముందే చేసిన పొరపాటును చట్టం తర్వాత నిజం చేసిందని చెప్పవచ్చు. కాని ఆ కొత్త అర్థాన్ని 1919 పాఠం మీదికి వెనుకకు మోపడం మాత్రం సరికాదు.

ఈ భేదం పండితుల ముచ్చట మాత్రమే అనుకోరాదు. మనిషి ఒక నేలకు చెందడం అతని బతుకువల్లనా, అతని దగ్గరి కాగితంవల్లనా అన్న వివాదం ముగిసిపోలేదు. భారత పౌరసత్వ చట్టం ప్రకారం విదేశీయుడు పౌరుడు కావడానికి మామూలుగా పన్నెండేళ్ల నివాసం కావాలి. 2019 సవరణ మూడు పొరుగుదేశాలనుండి 2014 చివరికి ముందు వచ్చిన ఆరు మతాలవారికి ఆ గడువును తగ్గించింది. ముస్లిములను ఆ జాబితాలో చేర్చలేదు. ఒక ముస్లిం ప్రభువు పేర వెలువడిన 1919 నాటి నివాస నిబంధన మతాన్ని అడగలేదన్న సంగతి ఈ సందర్భంలో గుర్తుచేయదగినది. దానిని స్వర్ణయుగంగా కీర్తించడానికి కాదు. దాని లోపాలు పైన చెప్పబడ్డాయి. నివాసం, సంకల్పం అనే రెండు ప్రమాణాలతో ఒక రాజ్యం తన ప్రజలను నిర్వచించుకోగలిగిందని తెలుసుకోవడానికే.

పై మూడు రచనలలో ఏ ఒక్కటీ ఈ ప్రశ్నను పూర్తిగా పరిష్కరించదు. మూడూ కలిసి దానిని స్పష్టంగా నిలబెట్టాయి. తెలుగులో జరగవలసిన పని ఇంకా మొదటి దశలోనే ఉంది. ముల్కీ నిబంధనల సంపూర్ణ పాఠం, ఉర్దూ మూలపదాలతో సహా, 1969, 1972 తీర్పుల ముఖ్యభాగాలతో కలిపి తెలుగులో రావాలి. అట్లా వచ్చిననాడు ముల్కీ అనే మాటను నినాదంగా విన్న తరాలు దానిని పాఠంగా చదివి, అది ఎవరిని చేర్చుకొన్నదో, ఎవరిని వెలుపల నిలిపిందో తామే నిర్ణయించుకోగలుగుతాయి.